మలుపుగా గుర్తింపునకు నోచని విప్లవం: హైతీ (1791–1825) – ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

ఆధునిక ప్రపంచాన్ని తీర్చిన చారిత్రక మలుపుల వరుసలో అమెరికా స్వాతంత్ర్యయుద్ధానికి, ఫ్రెంచి విప్లవానికి లభించిన స్థానం హైతీ విప్లవానికి లభించలేదు. బానిసలు స్వయంగా తిరగబడి, బానిసత్వాన్ని రద్దుచేయించి, స్వతంత్రరాజ్యాన్ని స్థాపించి నిలుపుకొన్న ఘటన చరిత్రలో ఇదొక్కటే. 1794లో ఫ్రెంచి జాతీయ సమ్మేళనం చేసిన బానిసత్వ రద్దు పారిస్‌లో పుట్టిన నిర్ణయం కాదనీ, తోటలలో అప్పటికే నెగ్గిన వాస్తవానికి వేసిన ముద్ర మాత్రమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే సమయంలో ఈ విప్లవ ఫలితాలు ఒకే దిశలో సాగలేదనీ, హైతీలో తెగిన సంకెల క్యూబాలోనూ అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ మరింత బిగిసిందనీ చూపుతుంది. హిందూమహాసముద్ర ద్వీపాలకు, వాటి ద్వారా కోరంగి రేవుకు ఈ చరిత్రతో గల సంబంధాన్ని ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: హైతీ విప్లవం, సాన్ డొమాంగ్, బానిసత్వ రద్దు, తూసాంత్ లువెర్త్యూర్, చక్కెర తోటలు, వలస పరిహారం, చారిత్రక మౌనం.

ప్రవేశిక

చరిత్ర బోధనలో ‘మలుపు’ అనే మాటను మనం ధారాళంగా వాడుతాం. 1453, 1492, 1776, 1789, 1917 – ఈ సంవత్సరాలను పేర్కొంటే చాలు, విద్యార్థి తక్కినది పూరించగలడు. 1804 అనగానే మాత్రం తరగతి గదిలో నిశ్శబ్దం తప్ప సమాధానం రాదు. మహా అయితే నెపోలియన్ చక్రవర్తి అయిన సంవత్సరమని ఒకరిద్దరు చెప్పవచ్చు. ఆ సంవత్సరం జనవరి 1వ తేదీన కరీబియన్ సముద్రంలోని ఒక ద్వీపంలో, గొనాయివ్ పట్టణంలో, కొన్నేళ్ల క్రితం వరకు కొరడా దెబ్బలు తిన్న మనుషులు తమ రాజ్యాన్ని తామే ప్రకటించుకొన్నారు.

మలుపు అన్నది బాటకు సంబంధించిన మాట. బాట ఒక్కటే అయినప్పుడు మలుపూ ఒక్కటే. ఒకే ఘటన కొందరిని ఒక వైపుకు, మరికొందరిని దానికి పూర్తిగా ఎదురు వైపుకు తిప్పినప్పుడు ఆ ఉపమానం చాలదు. హైతీ విషయంలో ఈ ఇబ్బంది అడుగడుగునా ఎదురవుతుంది. పాఠ్యప్రణాళికలలో దానికి చోటు దొరకకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. విజయగాథగా చెప్పబోతే దాని తరువాతి శతాబ్దం అడ్డువస్తుంది. వైఫల్యగాథగా చెప్పబోతే ఆ వైఫల్యాన్ని ఎవరు రూపొందించారన్న ప్రశ్న అడ్డువస్తుంది.

పరిభాష గురించి ఒక మాట. తెలుగులో ఈ సందర్భానికి ‘బానిస’, ‘దాసుడు’ అనే రెండు పదాలూ వాడుకలో ఉన్నాయి. భక్తివాఙ్మయం ‘దాస’ శబ్దానికి ఒక గౌరవాన్ని సంతరించింది. రామదాసు అన్న పేరులోని దాసత్వం కోరి వరించినది. కరీబియన్ తోటలలోని స్థితి కోరి వరించినది కాదు కనుక ఈ వ్యాసంలో ‘బానిస’ అన్న పదమే ఆద్యంతం వాడబడింది.

చక్కెర దీవి

హిస్పానియోలా ద్వీపపు పడమటి భాగం 1697 నాటి రిస్విక్ సంధితో ఫ్రాన్సు అధీనమైంది. దానికి సాన్ డొమాంగ్ అని పేరు. విస్తీర్ణంలో అది నేటి తెలంగాణలో దాదాపు నాలుగోవంతు. ఇంత చిన్న భూభాగం 1780ల నాటికి ఐరోపా వినియోగించే చక్కెరలో సుమారు 40 శాతాన్ని, కాఫీలో సగానికి పైగా ఉత్పత్తి చేసేది. నీలిమందు, పత్తి దీనికి అదనం. నాంత్, బోర్దో వంటి ఫ్రెంచి రేవుపట్టణాల వైభవం ఈ దీవి మీద ఆధారపడినది.

1789 నాటికి అక్కడ బానిసలు ఐదు లక్షలకు చేరువలో ఉండగా, తెల్లవారు సుమారు 30 వేలు, స్వేచ్ఛ పొందిన నల్లవారు, మిశ్రమ సంతతివారు కలిసి దాదాపు అంతే. ఈ సంఖ్యల వెనుక ఉన్న ఒక సంగతిని గమనించకపోతే విప్లవం అర్థం కాదు. బానిసల జనాభా జననాల వల్ల పెరగలేదు. జననాలను మించి మరణాలు ఉండేవి. ఆ లోటును నౌకలు పూడ్చేవి. విప్లవానికి ముందటి సంవత్సరాలలో ఒక్క ఏడాదిలో 40 వేల వరకు ఆఫ్రికన్లను దింపిన సందర్భం ఉంది. కోతకాలంలో గానుగలు రాత్రింబవళ్లు తిరిగేవి. చెరకు నరికిన కొద్ది గంటలలో రసం తీయకపోతే పులిసిపోతుంది. ఈ రసాయనిక నియమమే తోటలో పనివేళలను శాసించింది. నిద్రలేమితో గానుగ రోలర్ల మధ్య చేయి పెట్టినవారి చేయి నరికివేయడానికి పక్కనే కత్తి సిద్ధంగా ఉంచేవారు. 1685లో పదునాలుగవ లూయీ జారీచేసిన ‘నల్లచట్టం’ యజమానుల క్రూరత్వానికి కొన్ని హద్దులు నిర్ణయించినా, దీవిలో అవి కాగితం దాటి రాలేదు.

ఈ వ్యాపారంలో మన తీరానికీ పాత్ర ఉంది. ఆఫ్రికా పశ్చిమ తీరంలో బానిసలకు మారకంగా ఐరోపా వర్తకులు ఇచ్చిన సరుకులలో భారతీయ నూలు వస్త్రాలు ముఖ్యమైనవి. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలకు అక్కడ మంచి గిరాకీ ఉండేది. నేతగాడికి తన బట్ట చివరకు ఏ పనికి వెళ్లిందో తెలిసే అవకాశం లేదు. ఫ్రెంచి రచయిత రేనాల్ 1770లో ప్రచురించిన బృహద్గ్రంథం తూర్పు, పడమటి ఇండియాల వర్తకాన్ని ఒకే చరిత్రగా చెప్పింది. ఆనాటి వ్యాపారి దృష్టిలో అది నిజంగా ఒకటే చరిత్ర. తరువాతి కాలపు విశ్వవిద్యాలయాలే దానిని వేర్వేరు శాఖలుగా విడగొట్టాయి.

తోటల నుండి సమ్మేళనానికి

1789 ఆగస్టులో పారిస్ మానవహక్కుల ప్రకటన చేసినప్పుడు దాని కర్తల మనసులో బానిసలు లేరు. నల్లవారి మిత్రసంఘం పేరిట 1788లో ఏర్పడిన ఉదారవాదుల బృందం సైతం మొదట బానిసల వ్యాపారం ఆపాలనీ, బానిసత్వాన్ని క్రమక్రమంగా తొలగించాలనీ మాత్రమే కోరింది. దీవిలోని స్వేచ్ఛాపరులైన మిశ్రమవర్ణులు సమానహక్కులు అడిగారు. వారి నాయకుడు విన్సెంట్ ఓజే 1790లో చిన్న తిరుగుబాటు లేవదీయగా 1791 ఫిబ్రవరిలో అతనిని చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. ఓజే సైతం బానిసల విముక్తిని కోరలేదని గుర్తుంచుకోవాలి.

1791 ఆగస్టు 22 రాత్రి ఉత్తర మైదానంలో చెరకు తోటలు అంటుకొన్నాయి. దానికి ముందు బోయ్ కైమాన్ అనే చోట వోడూ ఆచారంతో ప్రమాణం జరిగిందని సంప్రదాయం చెబుతుంది. ఆ సభ తేదీ, స్వరూపాల గురించి చరిత్రకారులలో వాదోపవాదాలు ఉన్నాయి. వివాదం లేని అంశమేమిటంటే, వేర్వేరు తోటల ప్రతినిధులు రహస్యంగా సమావేశమై పథకం వేశారన్నది. తోటలో కొంత స్వేచ్ఛగా తిరగగలిగిన బండివాళ్లు, పనిముఠాల మేస్త్రీలు ఇందులో ముందున్నారు. బూక్‌మన్ తొలి నాయకుడు. కొద్ది వారాలలో వందలాది తోటలు బూడిదయ్యాయి.

తిరుగుబాటుదారులలో అధికసంఖ్యాకులు ఆఫ్రికాలో పుట్టినవారే. వారిలో కాంగో రాజ్యపు అంతర్యుద్ధాలలో పోరాడి పట్టుబడిన సైనికులు గణనీయంగా ఉన్నారని జాన్ థార్న్‌టన్ పరిశోధన సూచించింది. చిన్న దళాలుగా చీలి దాడిచేయడం, వెనుకకు తగ్గి మళ్లీ చుట్టుముట్టడం వంటి యుద్ధరీతి వారు దీవిలో నేర్చుకొన్నది కాదు, వెంట తెచ్చుకొన్నది. విప్లవ భావాలన్నీ పారిస్ నుండి ఓడలలో దిగాయన్న కథనాన్ని ఈ ఒక్క అంశమే సడలిస్తుంది.

1791 చివర తిరుగుబాటు నాయకులు సంధికి సిద్ధపడ్డారు. కొద్దిమంది నాయకులకు స్వేచ్ఛ ఇస్తే మిగిలినవారిని తోటలకు మళ్లిస్తామన్నారు. వలససభ అహంకారంతో తోసిపుచ్చింది. అంగీకరించి ఉంటే ఏమయ్యేదన్న ఊహ చరిత్రకారుని పని కాదు. అయితే సార్వత్రిక విముక్తి అన్న లక్ష్యం మొదటినుండీ పూర్ణరూపంలో లేదనీ, యజమానుల మొండితనమూ సాధారణ బానిసల పట్టుదలా కలిసి దానిని రూపొందించాయనీ ఈ ఘట్టం స్పష్టం చేస్తుంది. నాయకులు బేరమాడుతున్నప్పుడు వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోనివారు అనుచరులే. కరోలిన్ ఫిక్ తన అధ్యయనంలో ఈ అట్టడుగు కదలికకే ప్రాధాన్యమిచ్చింది.

1793 నాటికి ఫ్రాన్సు బ్రిటన్‌తోనూ స్పెయిన్‌తోనూ యుద్ధంలో ఉంది. దీవిలోని తెల్ల తోటదారులు బ్రిటిష్‌వారిని ఆహ్వానిస్తున్నారు. తిరుగుబాటు నాయకులు పలువురు స్పెయిన్ పక్షాన ఉన్నారు. గణతంత్ర ప్రభుత్వ ప్రతినిధి సోంతోనాక్స్‌కు సైన్యం లేదు. సైన్యం కావాలంటే నల్లవారే రావాలి, వారు రావాలంటే స్వేచ్ఛ ఇవ్వాలి. 1793 ఆగస్టు 29న అతడు ఉత్తర ప్రాంతంలో బానిసత్వం రద్దయినట్లు ప్రకటించాడు. పారిస్ అనుమతి లేదు. 1794 ఫిబ్రవరి 4న దీవి నుండి వెళ్లిన ముగ్గురు ప్రతినిధుల మాట విని జాతీయ సమ్మేళనం ఆ రద్దును ఫ్రెంచి వలసలన్నిటికీ విస్తరించింది. ఆ ముగ్గురిలో ఒకరైన జాన్ బాప్తిస్త్ బెలే సెనెగల్‌లో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, తన స్వేచ్ఛను తానే కొనుక్కొన్న వ్యక్తి. శాసనం తరువాత వచ్చింది, శాసనాన్ని అనివార్యం చేసిన పరిస్థితి ముందే ఏర్పడింది. పాఠ్యపుస్తకాలు ఈ వరుసను తలకిందులుగా చెప్పడం వల్లనే ‘ఫ్రెంచి విప్లవం బానిసలకు స్వేచ్ఛ ఇచ్చింది’ అన్న వాక్యం నిలబడుతోంది.

తూసాంత్: స్వేచ్ఛకు, చెరకుకు మధ్య

తూసాంత్ లువెర్త్యూర్‌ను గురించి వ్రాసేవారు రెండు విధాలుగా పొరబడుతుంటారు, దేవుణ్ణి చేయడం ఒకటి, నియంతగా కొట్టివేయడం ఇంకొకటి. అతడు విప్లవానికి చాలా ముందే స్వేచ్ఛ పొందాడు. కొంతకాలం ఒక కాఫీ తోటను బానిసలతో సహా కౌలుకు తీసుకొన్నట్లు పత్రాలు వెల్లడించాయి. 1794లో స్పెయిన్ పక్షాన్ని విడిచి ఫ్రెంచి గణతంత్రం వైపు వచ్చాడు. బ్రిటిష్ సైన్యాన్ని 1798లో దీవి విడిచి వెళ్లేలా చేశాడు. ఆ ఐదేళ్లలో బ్రిటన్ అక్కడ పోగొట్టుకొన్న సైనికులు 12 వేలకు మించి ఉంటారు. వారిలో ఎక్కువమందిని చంపినది పచ్చజ్వరం.

అసలు చిక్కు ఆ తరువాత మొదలైంది. యుద్ధానికి డబ్బు, తుపాకులు కావాలి. అవి చక్కెర, కాఫీ ఎగుమతులతోనే వస్తాయి. చక్కెర పెద్ద తోటలలో, క్రమశిక్షణతో కూడిన ముఠాల శ్రమతోనే పండుతుంది. విముక్తులైనవారు కోరుకొన్నది సొంత మడిచెక్క. 1800 అక్టోబరులో తూసాంత్ జారీచేసిన శ్రమ నిబంధనలు సేద్యగాళ్లను సైనికుల్లా తోటలకు కట్టిపడేశాయి. వారికి పంటలో వాటా ఉంది, కొరడా లేదు, అమ్మకం లేదు. కానీ తోట విడిచి వెళ్లే హక్కూ లేదు. 1801 రాజ్యాంగం బానిసత్వాన్ని శాశ్వతంగా నిషేధిస్తూనే అతనిని జీవితకాల గవర్నరును చేసింది, తోటలకు అవసరమైన సేద్యగాళ్లను బయటినుండి రప్పించడానికీ వీలు కల్పించింది. అదే ఏడాది చివర ఉత్తరాన సేద్యగాళ్లు తిరగబడగా, వారి పట్ల సానుభూతి ఉన్న తన దత్తకుటుంబీకుడు, సేనాని మొయీజ్‌ను తూసాంత్ కాల్పించాడు.

దీనిని ద్రోహమనడం సులభం. సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో వెలువరించిన ‘ది బ్లాక్ జాకొబిన్స్’లో దీనిని నాయకుడు ప్రజలకు తన మనసు విప్పి చెప్పకపోవడంగా చూశాడు. నాకు జేమ్స్ వాదన పూర్తిగా సమ్మతం కాదు. వివరించినంత మాత్రాన మడిచెక్క కోరిన రైతు చెరకు తోటకు తిరిగివెళ్లడు. ఇక్కడ ఎదురుపడినవి రెండు వేర్వేరు స్వేచ్ఛాభావనలు. ఎగుమతులతో సైన్యాన్ని పోషించి స్వేచ్ఛను కాపాడుకొనే రాజ్యం ఒకటి, ఎవరి ఆజ్ఞా లేని కుటుంబ సేద్యం రెండవది. తరువాత క్రిస్తోఫ్ ఉత్తర రాజ్యంలో మొదటిదానిని, పెతియోన్ దక్షిణాన భూపంపిణీతో కొంతవరకు రెండవదానిని ఆచరించారు.

1802 ఆరంభంలో నెపోలియన్ బావమరిది లెక్లేర్ నాయకత్వంలో ఇరవై వేలకు పైబడిన సైన్యం దిగింది. తూసాంత్‌ను జూన్‌లో చర్చలకని పిలిచి బంధించారు. 1803 ఏప్రిల్ 7న జూరా కొండలలోని ఫోర్ దె జూ కోటలో, చలిలో, అతడు మరణించాడు. ఈలోగా 1802 మే 20 నాటి చట్టం కొన్ని వలసలలో బానిసత్వాన్ని కొనసాగించిందన్న వార్త, గ్వాడెలూప్‌లో దానిని పునరుద్ధరిస్తున్నారన్న వార్త దీవికి చేరాయి. అప్పటివరకు ఫ్రెంచి పక్షాన పోరాడుతున్న దెసాలీన్, పెతియోన్ వంటి సేనానులు ఎదురుతిరిగారు. లెక్లేర్ నవంబరులో జ్వరంతో చనిపోయాడు. 1803 నవంబరు 18న వెర్తియేర్ వద్ద రొషాంబో సేన ఓడింది. నెపోలియన్ పంపిన పోలిష్ దళంలో కొందరు తమ దేశ దుస్థితిని ఇక్కడివారి దుస్థితితో పోల్చుకొని పక్షం మారారు. 1805 రాజ్యాంగం తెల్లవారికి భూస్వామ్యాన్ని నిషేధిస్తూ పోలిష్, జర్మన్ నివాసులను మినహాయించడానికి నేపథ్యం అదే. హైతీయులందరూ ‘నల్లవారు’ అన్న సామాన్యనామంతోనే పిలవబడాలని అదే రాజ్యాంగం శాసించింది. అంటే ఆ పోలిష్ సైనికుడూ చట్టరీత్యా నల్లవాడే. వర్ణాన్ని చర్మం నుండి విడదీసి రాజకీయ పదంగా మార్చిన ఈ నిబంధన అధ్యయనానికి యోగ్యమైనది.

1804 తొలినెలలలో దెసాలీన్ ఆజ్ఞతో దీవిలో మిగిలిన ఫ్రెంచివారిలో అత్యధికులను, స్త్రీలతో, పిల్లలతో సహా, చంపారు. విప్లవాన్ని అభిమానించేవారు దీనిని ఒక వాక్యంలో దాటవేయడం, ద్వేషించేవారు దీనినే విప్లవసారంగా చూపడం రెండు శతాబ్దాలుగా జరుగుతున్నది. రొషాంబో మనుషులపైకి వేటకుక్కలను వదిలాడనీ, ఓడలలో బంధించి ముంచాడనీ చెప్పడం ఈ హత్యాకాండకు నేపథ్యమవుతుందే కాని సమర్థన కాదు.

ఎదురెదురు దిశలు

ఈ విప్లవ పర్యవసానాలలో అత్యంత విస్తారమైనది హైతీ వెలుపల జరిగింది. నెపోలియన్ అమెరికా ఖండంలో తలపెట్టిన సామ్రాజ్యంలో చక్కెర దీవి కేంద్రం కాగా, లూసియానా దానికి తిండిగింజలు, కలప పంపే పెరడు. కేంద్రం చేజారుతున్నప్పుడు పెరడుతో పనిలేదు. 1803 ఏప్రిల్ 30న లూసియానాను అమెరికాకు అమ్మివేశాడు. నేటి భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులంత భూభాగం కోటీయాభై లక్షల డాలర్లకు చేతులు మారింది. అమెరికా విస్తీర్ణం రమారమి రెట్టింపైంది. ఆ కొత్త భూమి దక్షిణభాగంలో పత్తి, చెరకు పండించడానికి బానిసలనే తరలించారు. 1800లో అమెరికాలో బానిసల సంఖ్య తొమ్మిది లక్షలకు కాస్త తక్కువ. 1860లో అది 39 లక్షలు దాటింది. పత్తి గింజలు తీసే యంత్రం, లాంకషైర్ మిల్లుల గిరాకీ ఇందుకు ప్రత్యక్ష కారణాలు. భూమి దొరికిన తీరులో మాత్రం హైతీయుల విజయానికి భాగముంది.

క్యూబా కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1791 నవంబరులో తిరుగుబాటు వార్త మాడ్రిడ్ చేరినప్పుడు అక్కడ ఉన్న హవానా తోటదారుల ప్రతినిధి ఫ్రాన్సిస్కో దె అరాంగో వెంటనే రాజుకు విన్నపం పంపాడు. పొరుగుదీవి పతనం క్యూబాకు అవకాశమని అతని వాదం. అనంతర దశాబ్దాలలో క్యూబా ప్రపంచపు అగ్రగామి చక్కెర ఉత్పత్తిదారు అయింది, అక్కడ బానిసత్వం 1886 దాకా సాగింది. అడా ఫెరర్ ఈ రెండు దీవులను అద్దంలో ఒకదానికొకటిగా చూపిన పద్ధతి అనుసరణీయం. అయితే అదే హవానాలో 1812లో పట్టుబడిన అపోంతే కుట్ర విచారణలో హైతీ నాయకుల చిత్తరువుల ప్రస్తావన వచ్చింది. తోటదారుడికి అవకాశంగా కనిపించినది ఆ తోటలోని మనిషికి ఆశగా కనిపించింది. 1815 చివర ఓడిపోయి వచ్చిన సిమోన్ బొలివార్‌కు పెతియోన్ ఓడలు, తుపాకులు, మందుగుండు ఇచ్చి ప్రతిగా కోరినది ఒక్కటే, విడిపించిన నేలలో బానిసలను విడుదల చేయమని.

హిందూమహాసముద్రం వైపు

1794 శాసనం ఫ్రెంచి వలసలన్నిటికీ వర్తించాలి. హిందూమహాసముద్రంలోని ఈల్ దె ఫ్రాన్స్, అనగా నేటి మారిషస్, దానిని అమలుచేయలేదు. 1796లో పారిస్ పంపిన ప్రతినిధులు బాకో, బుర్నెల్ ఆ శాసనంతో రాగా అక్కడి వలసదారులు వారిని వెంటనే ఓడ ఎక్కించి పంపివేశారు. సాన్ డొమాంగ్‌లో శాసనాన్ని నిలబెట్టిన సాయుధ బానిసలు ఇక్కడ లేరు. పై ప్రతిపాదనకు దీనికన్న బలమైన తార్కాణం మరొకటి కనబడదు. అదే శాసనం, అదే సమ్మేళనం, ఫలితం మాత్రం వేరు.

1810లో బ్రిటిష్‌వారి వశమైన మారిషస్‌లో బానిసత్వం 1835లో గాని రద్దు కాలేదు. బ్రిటన్ 1833 చట్టం ద్వారా రెండు కోట్ల పౌండ్లు పరిహారంగా ఇచ్చింది. యజమానులకు ఇచ్చింది, బానిసలకు కాదు. ఖాళీ అయిన చెరకు పొలాలకు భారతదేశం నుండి ఒప్పంద కూలీలను దింపారు. కలకత్తా, మద్రాసులతోపాటు గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు నుండి వెళ్లిన తెలుగువారు ఆ రేవు పేరుతోనే అక్కడ పిలవబడ్డారు. మారిషస్ తెలుగువారి చరిత్రను సాధారణంగా క్షామాలతో, కంపెనీ పాలనతో మొదలుపెడతాం. అది సరియైనదే కాని సగమే. ఆ పొలంలో ఖాళీ ఎలా ఏర్పడిందన్న ప్రశ్న మనలను కరీబియన్‌కు తీసుకుపోతుంది. ఒప్పంద కూలీని బానిస అనడం చరిత్రదృష్ట్యా సరికాదు. ఒప్పందానికి గడువు ఉంది, అమ్మకం లేదు. కానీ తోట విడిచి తిరిగితే శిక్ష ఉంది. తూసాంత్ 1800 నాటి నిబంధనలు చదివినవారికి ఈ మధ్యస్థితి పరిచితమైనదే.

పరిహారం

1825 జులైలో ఫ్రెంచి రాజు పదవ షార్ల్ శాసనంతో 14 యుద్ధనౌకలు పోర్ట్ ఔ ప్రిన్స్ ఎదుట లంగరు వేశాయి. ఏప్రిల్ 17వ తేదీ గల ఆ శాసనం ప్రకారం హైతీ స్వాతంత్ర్యాన్ని గుర్తించడానికి షరతు 15 కోట్ల ఫ్రాంకులు, ఐదు సమవాయిదాలలో. ఫ్రెంచి సరుకులపై సుంకం సగానికి తగ్గింపు అదనం. ఆస్తి పోగొట్టుకొన్న తోటదారులకు ఇది పరిహారం. వారి ఆస్తిలో విలువైన భాగం మనుషులే కనుక హైతీయులు తమ శరీరాలకు తామే వెల కట్టవలసివచ్చింది. గెలిచిన పక్షం ఓడిన పక్షానికి నష్టపరిహారం చెల్లించడం రాజ్యాల చరిత్రలో అరుదు.

పోలిక కోసం లూసియానాను మళ్లీ తలచుకొందాం. హైతీ కంటే డెబ్బై రెట్లకు పైగా పెద్దదైన ఆ భూభాగానికి, ఫ్రాన్సుపై అమెరికన్ పౌరుల బాకీల సర్దుబాటుతో సహా, లెక్క 8 కోట్ల ఫ్రాంకులు. హైతీని అడిగినది దానికి దాదాపు రెట్టింపు. అధ్యక్షుడు బోయేర్ అంగీకరించాడు. మొదటి వాయిదాకు డబ్బు లేక పారిస్ బ్యాంకుల వద్దనే 3 కోట్లు అప్పు చేయగా, బ్యాంకులు తమ రుసుము మినహాయించి చేతికిచ్చినది 2 కోట్ల 40 లక్షలు. పరిహారానికి అప్పు, అప్పుకు వడ్డీ అనే ఈ జంటబరువును చరిత్రకారులు ‘జోడు అప్పు’ అని వ్యవహరిస్తారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. పరిహారం తీరేసరికి 1880లు వచ్చాయి, తీర్చడానికి చేసిన కొత్త అప్పులు ఇరవయ్యో శతాబ్దంలోకి సాగాయి. ఆ సొమ్ము ప్రధానంగా కాఫీ ఎగుమతి సుంకాల నుండి, అంటే కొండవాలున మడిచెక్క దున్నే రైతు నుండి వచ్చింది. అమెరికా 1862 దాకా హైతీని గుర్తించనే లేదు.

హైతీ దారిద్ర్యానికంతటికీ ఈ అప్పే కారణమనలేం. సైనిక పాలకవర్గం, భూక్షయం, 1915 నుండి 1934 వరకు సాగిన అమెరికా ఆక్రమణ, ఆ తరువాతి నియంతృత్వం అన్నిటికీ పాలు ఉంది. అయినా పాఠశాలలు, రహదారులు ఏర్పడవలసిన అర్ధశతాబ్దిలో రాజ్యాదాయంలో పెద్దభాగం సముద్రం దాటిందన్న విషయం పక్కకు పెట్టదగినది కాదు. 2003లో హైతీ ప్రభుత్వం ఈ సొమ్మును తిరిగి అడిగింది. 2025 ఏప్రిల్ 17న, శాసనానికి రెండువందల ఏళ్లు నిండిన రోజున, ఫ్రెంచి అధ్యక్షుడు ఉభయదేశాల చరిత్రకారులతో ఒక సంఘాన్ని ప్రకటించారు.

పత్రాలయంలో మౌనం

హైతీ చరిత్రకారుడు మిషెల్ రోల్ఫ్ ట్రూయో 1995లో ప్రచురించిన ‘సైలెన్సింగ్ ద పాస్ట్’లో మౌనం నాలుగు దశలలో చరిత్రలోకి ప్రవేశిస్తుందన్నాడు. ఆధారం పుట్టేచోట, ఆధారాలను భద్రపరిచేచోట, కథనం అల్లేచోట, చివరకు ఆ కథనానికి ప్రాముఖ్యం నిర్ణయించేచోట. విప్లవం జరుగుతున్నప్పుడే అది సమకాలికుల ఊహకు అందనిదన్నది అతని ప్రసిద్ధ ప్రతిపాదన. దీనికి అభ్యంతరం చెప్పవచ్చు. రేనాల్ గ్రంథంలోనూ, 1771లో మెర్సియే వ్రాసిన భవిష్యత్ నవలలోనూ నల్ల ప్రతీకారనాయకుడు కనిపిస్తాడు. తోటదారులు రాత్రులు తలుపులు బిగించుకొనే పడుకొన్నారు. కాబట్టి భయం ఉంది. అయితే భయపడటం వేరు, ఎదుటివానికి రాజకీయ సంకల్పం ఉందని ఒప్పుకోవడం వేరు. ట్రూయో మాటను ఈ రెండవ అర్థంలో తీసుకొంటే అది నిలుస్తుంది. తిరుగుబాటు వార్త రాగానే ఫ్రాన్సులో వినిపించిన ప్రశ్న ‘వారు ఏం కోరుతున్నారు’ అన్నది కాదు, ‘వారిని ఎవరు రెచ్చగొట్టారు’ అన్నది. మన ప్రాంతపు రైతాంగ, గిరిజన తిరుగుబాట్లపై వలస ప్రభుత్వపు దస్త్రాలు పరిశీలించినవారికి ఈ ప్రశ్న కొత్త కాదు.

రెండవ దశ మౌనానికి ఒక ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించాలి. 1804 జనవరి 1 నాటి స్వాతంత్ర్య ప్రకటనకు ప్రభుత్వం ముద్రించిన ప్రతి ఒక్కటైనా ఉన్నట్లు దీర్ఘకాలం ఎవరికీ తెలియదు. చేతివ్రాత నకళ్లు, వార్తాపత్రికల పునర్ముద్రణలే ఆధారాలు. 2010లో జూలియా గాఫీల్డ్ అనే పరిశోధకురాలు తన డాక్టరేటు సిద్ధాంతగ్రంథం కోసం వెదుకుతూ లండనులోని బ్రిటిష్ జాతీయ పత్రాలయంలో ఎనిమిది పుటల ముద్రితప్రతిని గుర్తించింది. అది దాచబడినది కాదు, దొంగిలింపబడినదీ కాదు. జమైకా గవర్నరు లండనుకు పంపిన కాగితాల కట్టలో, జమైకా పేరుతోనే, రెండు శతాబ్దాలుగా అక్కడే ఉంది.